వరుస చివర

రాత్రి పదకొండున్నరకి
పటంలో స్కార్దాల్ వాలు ఒక్కటే తెల్లబోయింది.
మంచు తెలుపు కాదు,
లెక్క దొరకని తెలుపు.

కొలత రాలేదా అంటే, వచ్చింది.
నూట నలభై రెండు సెంటీమీటర్లు,
ఈశాన్యపు గాలి, చివర్న వాలు పేరు.
హాల్‌బ్యోర్న్ రెండు వేళ్ళతో కొట్టిన వరుస,
ఒక్క పొల్లు తప్పు లేదు.
కానీ మధ్యాహ్నమే తెచ్చి పెట్టిన నా కొత్త యంత్రం మొండికేసింది:
ఈ పేరుగల కొండ నాకు తెలియదంది.
ఆ మాటైనా తిన్నగా అనలేదు,
వరుస మొదటికి పరిగెత్తి
కొండ పేరు మీదే ఎక్కి కూర్చుంది.

ఇసాఫ్యోర్దుర్‌లో ఆ వారం
కొండ కింది వీధి జనం దుప్పట్లు చుట్టుకుని
బడి హాల్లో పడుకున్నారు.
ఒకావిడ పిల్లిని చేపల బుట్టలో తెచ్చుకుంది.
రేపు ఇళ్ళకు పోవచ్చా?
వాళ్ళు అడిగేది నన్ను కాదు, ఆ పటాన్ని.

పేరును అక్షరం అక్షరం విప్పి చూశాను.
మా లిపిలో ఏడక్షరాల కొండకి
ఎనిమిదోది ఒకటి అంటుకుని ఉంది.
ఉల్లిపొర నయం, అదైనా కంట్లో నీళ్ళు తెప్పిస్తుంది.
ఇది కంటికే ఆనదు.

తొందరలో ఉన్నాను.
పంతొమ్మిది చలికాలాల ఫైలుని
ఒక్క ఆదేశంతో దులిపేశాను.
పటం నిండింది, ఎర్రగా.
జనం ఇంకో మూడు రాత్రులు బడిలోనే పడుకున్నారు.

తెల్లారి చూస్తే
నాలుగు వేల చిల్లర వరుసలూ
నేనే రాసినట్టుంది.
ప్రతి దాని పక్కనా స్టైనున్, స్టైనున్, స్టైనున్.
ఆయన నడుముకి తాడు కట్టుకుని
తుఫానులో కర్ర దించిన రోజు కూడా నాదే.
ఆ చలికాలం నేను
రెయ్‌క్యావిక్‌లో వరసపెట్టి పరీక్షలు తప్పుతున్నాను.

ఫోన్ చేసి చెప్పుకున్నాను.
కోప్పడతాడనుకుంటే నవ్వాడు.
"ఆ ఎనిమిదోది నా పాత నేస్తమే.
రేడియో స్టేషన్లో టెలిప్రింటర్ ముందు పదకొండేళ్ళు కూర్చున్నాను.
అచ్చు బండి కుడి అంచుకి పోయాక
ముందు దాన్ని ఎడమకి లాగాలి,
తర్వాత కాగితాన్ని ఓ మెట్టు జరపాలి.
రెండు పనులు, రెండు మీటలు.
మొదటిదే నొక్కితే రాసినదాని మీదే రాస్తుంది.
రెండోదే నొక్కితే
మాట మెట్ల మీంచి దొర్లినట్టు పక్కకి పోతుంది.
బండి అంత దూరం రావాలి కదమ్మా,
ఆ కాస్తలో నేను ఊపిరి తీసుకునేవాణ్ణి."

ఇప్పుడు ఆయన బల్ల మీద బండి లేదు,
కాగితం లేదు.
అయినా ఆ కంప్యూటర్
లేని బండిని వరుస వరుసకీ వెనక్కి లాగుతోంది.
నాది చిన్నప్పటినుంచీ ఒక్క మీటతో సరిపెట్టుకుంది.
ఎవరి పెంపకం వాళ్ళది.
కందకు లేని దురద కత్తిపీటకి పట్టినట్టు
మధ్యలో నలిగింది ఫైలు.

సాయంత్రం రెండు చీటీలు రాశాను.
ఒకటి: దాచే చోట ఒకటే ముగింపు,
ఇచ్చే చోట ఎవరి అలవాటు వారికి.
రెండోది: ఫలానా రాత్రి స్టైనున్ చేసిన దులుపుడు
ఎవరు రాశారన్న లెక్కలోకి రాకూడదు.
నాలుగు వేల చిల్లర రోజులూ
తాడుతో సహా ఆయనకి తిరిగి వెళ్ళాయి.

నాలుగో రోజు కొలత నూట ఎనిమిది.
పిల్లి బుట్టలో ఇంటికి పోయింది.

ఆ వరుస చివర మాత్రం
ఒక మీటా లేదు, రెండు మీటలూ లేవు.
ఎడంచెయ్యి అందక ఆగిన మెట్టులా ఉంది.
ఏమయ్యిందని అడిగితే
"ఇంకా కురుస్తోంది కదా, ముగించబుద్ధి కాలేదు" అన్నాడు.
నేను ఆ మాట రెండు రోజులు మోసుకు తిరిగాను.
తర్వాత ఒప్పుకున్నాడు,
ఎంటర్ మీట కింద ఎండుచేప ముక్క ఇరుక్కుందని.

వదిలేస్తే రేపటి మంచు
ఇవాల్టి మంచుకి అతుక్కుపోతుంది.
నేనే నొక్కాను, ఒక్కసారి.
ఆ ఒక్క వరుస పక్కన నా పేరు పడింది.
ఉండనిచ్చాను.